మొదటి దెబ్బ

మొగుడు విసిరిన సుత్తి ఆమె చెవి పక్కనుంచి దూసుకుపోయి బీరువా అద్దాన్ని భళ్లున పగలగొట్టింది. మళ్లీ విసరడానికి చేతికేమీ దొరక్క, ఆమె జుట్టు పట్టుకుని తలను గోడకేసి కొట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పన్ను ఊడి నాలుక మీద పడింది. ఎలాగో విడిపించుకుని వంటగదిలో దూరి, తలుపు గడియపెట్టుకుని తమ్ముడికి ఫోన్ చేసింది.

తమ్ముడు వచ్చేసరికి వడ్రంగి మొగుడుగారు బుద్ధిమంతుడిలా కుర్చీలో కూర్చుని, గోడ మీద ఆ రక్తం ఎవరిదని అడుగుతున్నాడు.

"నీకు మతి పోయిందా అక్కా? ఇంకా బావని ఇంట్లోనే పెట్టుకుంటావా?"

"కొట్టేది ఆయన కాదురా, జబ్బు," అందామె నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని. చనిపోయినవాళ్ల మెదళ్లను పలచటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టడం ఆమె ఉద్యోగం. "ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని పొయ్యిల్లాంటివి ఉంటాయి. అవి పాడైతే, బతికించాల్సిన ఆక్సిజనే కణాన్ని కాల్చేస్తుంది. కోపాన్ని ఆపుకునే చోటే ఆయనకి తగలబడిపోతోంది."

"నీ పాఠం నాకొద్దు."

జబ్బు బయటపడ్డప్పటి నుంచి, ఆరేళ్లుగా ఆ పాఠాన్ని ఆమె అందరికీ అప్పజెబుతూనే ఉంది. దాని మీదే కాపురం నిలబడింది, దాన్ని కాపురం అనగలిగితే.

నెల తిరక్కుండానే, కుర్చీ ఎత్తి ఆమె మీదకి ఉరికిన మనిషి మెట్ల మీద కాలు జారి, తల పగిలి చచ్చిపోయాడు. మెదడును తను పనిచేసే ల్యాబుకే ఇచ్చేసింది. కోత వేరేవాళ్లు కోశారు. తెర మీద బొమ్మ మాత్రం తనే చూస్తానని పట్టుబట్టింది.

మైటోకాండ్రియాలు ఉబ్బిపోయి ఉన్నాయి. లోపలి మడతలు చిరిగి చిందరవందరగా పడి ఉన్నాయి. ఆమెకి ప్రాణం లేచి వచ్చింది. ఆరేళ్లు చెప్పిన మాట అబద్ధం కాదు, ఆయన తప్పేమీ లేదు. అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

పెద్ద డాక్టరమ్మ ఆమె ఏడుపు ఆగేదాకా ఉండి, ఫారం ముందుకు జరిపింది. "చెయ్యి చేసుకోవడం ఏ సంవత్సరం మొదలైందమ్మా? అదొక్కటే రాయాలి."

పెన్ను కాగితానికి ఆనించింది. ఆరేళ్ల కిందట అన్న అలవాటైన జవాబు నోటిదాకా వచ్చింది. చేతి నుంచి మాత్రం రాలేదు. వేరే సంవత్సరం రాసి ఇచ్చింది.

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఇది ఇరవై రెండేళ్ల కిందటి మాట కదమ్మా. అప్పటికి ఈ జబ్బెక్కడిది?"

"అప్పటికి జబ్బు లేదండీ," అందామె. "మాకు పెళ్లై పదకొండు రోజులు. తలుపు ఆలస్యంగా తీశాను."