సుగుణమ్మ జావ

మా అమ్మ సుగుణమ్మ బాన్సువాడ దవాఖాన గేటు కాడ ఇరవై రెండేండ్లు రాగిజావ పోసింది. కాన్పుల వార్డుకు తండాల నుంచి పొద్దుగాల బస్సెక్కి వచ్చేటోళ్లు ఏం తిని వస్తరు చెప్పుండ్రి? అమ్మది ఒకటే పట్టు. తాగేదాక ఎవ్వల పేరూ అడగొద్దు, యేసయ్య మాట ఎత్తొద్దు. తాగినంక వాళ్లే అడిగితే చెప్పాలె. "ఆకలైనోళ్లకు వాక్యం చెప్తే వింటరా, గ్లాసు దిక్కు చూస్తరా?" అనేది.

అమ్మ పోయి రెండు నెలలు. ఇగ నేనే పోస్తున్న. మొన్న సోమవారం మా చర్చి సంఘపెద్ద వినోద్‌కుమార్ అన్న ఒక బ్యానర్, ఒక రిజిస్టర్ పట్టుకొని దిగిండు. బ్యానర్ నిండ అమ్మ ఫొటో, కింద సంఘం పేరు.

"సంగీతా, అమ్మ పేరు నిలబడాలె గదా! ముందుగాల పేరు, ఊరు రాయించు. చిన్న ప్రార్థన చేపియ్యి. అప్పుడు జావ పొయ్యి" అన్నడు.

నాకు ఒళ్లు మండింది. అయినా అమ్మ సమాధి కాడ వెక్కివెక్కి ఏడ్చిన మనిషి గదా అని నోరు మూసుకున్న. అదే నేను చేసిన తప్పు.

అందరికన్న ముందు సోమ్లి వచ్చింది. జుక్కల్ దిక్కు తండా ఆమెది. కోడలు తెల్లారగట్ల కాన్పయింది. చేతిల ఖాళీ టిఫిన్ డబ్బా ఉన్నది. వినోదన్న రిజిస్టర్ తెరిచి, వేలిముద్ర డబ్బా ముందట పెట్టిండు. సోమ్లి మొఖం తెల్లబోయింది. ఎనకట ఎవరో వేలిముద్ర పెట్టిచ్చుకొని వాళ్ల భూమి గుంజుకున్నరట. ఇప్పుడు పసిపిల్లను రాయించుకుంటరనుకున్నది పాపం.

"మా పిల్ల మాకే ఉండాలె సారూ, నాకు జావ వద్దు!" అనుకుంట వార్డులకు ఉరికింది. ఆమెను జూసి ఎనకున్న ఆడోళ్లు గూడ ఒక్కొక్కరే జరిగిండ్రు.

ఇగ నేను ఆగలే. బ్యానర్ పీకి చుట్టి ఆయన చేతిల పెట్టిన.

"ఏందిది సంగీతా? గిన్నెలు సంఘానివి, యాదుంచుకో."

"తీస్కపో! మా అమ్మ పేరు నిలబెట్టనీకి బాలింతను ఎండబెడ్తవా? అమ్మ ఉంటే గీ గంటెతోనే నీకు ఒక్కటిచ్చేది!"

జావ గిన్నె ఎత్తుకొని వార్డులకు పోయిన. సోమ్లి మనుమరాలిని ఒళ్లె దాచుకొని కూసున్నది.

"వేలు పెట్టాల్నా?"

"ఏం పెట్టొద్దు అవ్వా. తాగు."

కోడలు రెండు గ్లాసులు తాగింది. సోమ్లి ఒకటి తాగి, మూతి తుడుచుకొని అడిగింది, "ఎందుకు పోస్తవ్ బిడ్డా గిదంత?"

"మా యేసయ్య ఆకలైనోళ్లకు పెట్టుమన్నడు. మా అమ్మ సుగుణమ్మ పెట్టింది. నేను పెడ్తున్న."

"మంచిగున్నది. ఇంకొంచెం పొయ్యి" అన్నది సోమ్లి. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చినయ్.

వినోదన్న తలుపు కాడ నిలబడి అంతా విన్నడు. అయినా ఆయన పట్టు ఆయనదే.

"రేపటి సంది సంఘం గిన్నెలు రావు" అన్నడు.

"సాయంత్రం కడిగి పంపిస్త. రేపు ఆరింటికి మా ఇంటి బిందెతోని గేటు కాడ ఉంట. ఆకలైతే నువ్వు గూడ రా అన్నా. నిన్ను గూడ ఏమడగ."