చూసిన తేదీ

"మీటింగుకి నువ్వెళ్ళి ఏం చేస్తావ్? టీ కప్పులు అందిస్తావా?" అన్నాడు మా ఆయన జనార్దన్. అప్పుడు నేను అతని నీలం చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను.

ఎగతాళికి అన్న మాట కాదది. అలా అనుకున్నాడు, అనేశాడు. నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే అది నిజం. ముందురోజు లైబ్రరీలో మా పై అధికారి నెవిల్ నాకు చెప్పిన పని అక్షరాలా అదే. "సుభా, రేపు అన్ని లైబ్రరీల వాళ్ళూ వస్తున్నారు. వెనక బల్ల మీద టీ, బిస్కెట్లు నువ్వు చూసుకో. ఆడవాళ్ళ చెయ్యి పడితే బాగుంటుంది" అన్నాడు.

వంటింట్లో పప్పు కడుగుతూ మా అత్తయ్య కమలాదేవి, "వెళ్ళనీరా, ఈ నెలాఖరుతో ఎలాగూ మానేస్తుందిగా" అన్నారు. నా టెంపరరీ కాంట్రాక్టు అక్టోబరుతో అయిపోతుంది. ఆ తర్వాత నేను ఇంట్లోనే ఉంటానని జనార్దన్ వాళ్ళమ్మకి తెనాలి ఫోన్ చేసి మరీ చెప్పాడు. నాకు మాత్రం చెప్పలేదు. ఆవిడ వచ్చి రెండు నెలలైంది, వచ్చాక ఆవిడ అంటేనే నాకు తెలిసింది.

మేం దక్షిణాఫ్రికాలో ఈ డర్బన్ వచ్చింది తొంభై అయిదులో. కాలేజీలో లెక్కల మాస్టారుగా ఉద్యోగం అతనికొచ్చింది. నా లైబ్రరీ సైన్సు డిగ్రీ సూట్‌కేసులో చీరల అడుగున వచ్చింది. విమానంలో ఇచ్చిన ఫారంలో వృత్తి అన్నచోట నా బదులు అతనే 'గృహిణి' అని రాసేశాడు. అదేంటండీ అంటే, "నిద్రపోతున్నావుగా, లేపడం ఎందుకని" అన్నాడు. ఆ ఫారం మీద నా పేరుండి, నా చేతిరాత లేకపోవడం నన్ను చాలా రోజులు గుచ్చింది. ఏడాది తర్వాత ఊళ్ళో ఒక లైబ్రరీలో టెంపరరీగా చేరాను. కంప్యూటర్ విభాగం పెద్ద నెవిల్ కింద వేశారు నన్ను. మూడు తరాల నుంచి ఇక్కడివాళ్ళే వాళ్ళు. "ఇండియా నుంచి దిగినవాళ్ళకి మా పద్ధతులు తెలియవు" అనేవాడు మాటకి ముందొకసారి, వెనకొకసారి.

అప్పట్లో కొత్త ప్రభుత్వం ప్రతి కాగితాన్నీ ఇంటర్నెట్లో పెట్టడం మొదలెట్టింది. రాజ్యాంగం, పిల్లల గ్రాంటు ఫారం, వర్ణవివక్ష రోజుల్లో ఇళ్ళూ నేలలూ పోగొట్టుకున్నవాళ్ళు క్లెయిము వేసుకునే ఫారం, అన్నీ అందులో ఉన్నాయి. ఉన్నాయి సరే, ఎక్కడున్నాయో ఎవడికి తెలుసు? పుస్తకానికి రాసినట్టే వెబ్ పేజీకీ ఒక కేటలాగు రికార్డు రాసి పెడితే, ఏ లైబ్రరీలో అడిగినా దొరుకుతుంది కదా అన్నాను. "సరే చెయ్యి, పొద్దున్నే చెయ్యి. తొమ్మిదింటికల్లా ఆ మెషిన్ నాకు కావాలి" అన్నాడు నెవిల్. ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్ ఒక్కటే ఉండేది మా దగ్గర.

అంచేత ఆరింటికల్లా మినీబస్ టాక్సీ ఎక్కేదాన్ని. అయిదింటికి లేచి ముగ్గురి లంచ్ డబ్బాలు కట్టి, పాప స్నిగ్ధ యూనిఫాం కుర్చీ మీద పెట్టి, అప్పుడు పరుగు. "ఊసుపోక చేసే ఉద్యోగం కోసం ఇంత హడావిడా" అనేవాడు జనార్దన్ దుప్పట్లోంచి.

నేనొక్కదాన్నే చేస్తే ఆ పని అయ్యేది కాదు. ఫీనిక్స్ లైబ్రరీ కౌంటర్‌లో భాగ్యమక్క ఉండేది. యాభై దాటిన మనిషి. వాళ్ళ ముత్తాత చెరకు తోటల పనికి వచ్చాడట. ఆమె తెలుగు వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్నది, సగం ఇంగ్లీషు కలిసిపోయింది. రోజూ ఫోన్ చేసి, కౌంటర్ దగ్గరికి ఎవరొచ్చి ఏం అడిగారో చెప్పేది. "పాపా, ఈరోజు ఒక ముసలామె వచ్చింది. మనవరాలి గ్రాంట్ పేపర్ అడుగుతాది. నేను ఎక్కడ చూసేది?" ఆ పేజీ నేను వెతికేదాన్ని. ఉమ్లాజీ లైబ్రరీలో నొమూసా ఉండేది. అదే పేజీకి ఇక్కడి భాష జూలూలో జనం ఏ మాట వాడి అడుగుతారో ఆమె చెప్పేది. నేను రికార్డులో ఎక్కించేదాన్ని. మూడు లైబ్రరీలు, మూడు టెలిఫోన్లు. రెండేళ్ళలో వెయ్యిన్నూట ఇరవై ఆరు రికార్డులు చేశాం.

ప్రతి రికార్డుకీ, చేసినవాళ్ళ మూడక్షరాల గుర్తు వేసే గడి ఒకటి ఉంటుంది. టెంపరరీ వాళ్ళకి గుర్తు ఇవ్వరు, విభాగం పెద్ద గుర్తే వెయ్యాలి. కాబట్టి వెయ్యిన్నూట ఇరవై ఆరింటి మీదా నెవిల్ గుర్తే ఉంది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. పుస్తకం ఇవాళ చూసినా పదేళ్ళకి చూసినా అదే పుస్తకం. వెబ్ పేజీ రాత్రికి రాత్రి మారిపోతుంది, చిరునామా చచ్చిపోతుంది. అందుకని రికార్డు ఆఖర్న, ఈ పేజీని ఫలానా రోజున చూసి రాశాను అని తేదీ వెయ్యాలి. ఇది నాకు నేర్పింది మ్యూరియెల్. మా పాత కేటలాగింగ్ అధికారి ఆవిడ, ఇప్పుడు లైబ్రరీల ఉమ్మడి కమిటీకి అధ్యక్షురాలు. నెవిల్‌కి ఆ తేదీ సంగతి తెలియదు. ఎలా తెలుస్తుంది, ఒక్క రికార్డు చేస్తే కదా.

మీటింగుకి నెవిల్ తెచ్చిన ప్రతిపాదన నేనే జిరాక్స్ తీశాను కాబట్టి నాకు తెలుసు. అందులో రాసింది ఇదీ: వెబ్ కేటలాగు తను తయారుచేసినది. దానికి ఇవ్వబోయే శాశ్వత ఉద్యోగం తన విభాగంలోనే, తను ఎంచుకున్న కంప్యూటర్ మనిషికి. జూలూ మాటలు తీసెయ్యాలి, వాటివల్ల పని ఆలస్యమవుతోంది. ఫీనిక్స్, ఉమ్లాజీ సహకారం ఇక అక్కర్లేదు. ఆ కాగితం ఆమోదం పొందితే నేను ఇంటికి, నొమూసా మాటలు చెత్తబుట్టలోకి. భాగ్యమక్క కౌంటర్ దగ్గరికొచ్చిన ముసలామె ఉత్త చేతులతో వెనక్కి పోతుంది. అది తెలిసి కూడా ముప్ఫై కాపీలు తీసి, మూలలు సరిచేసి, పిన్ను కొట్టి ఇచ్చాను. నామీద నాకే అసహ్యం వేసింది.

అక్టోబరు తొమ్మిదో తారీకు శుక్రవారం, పదింటికి హాలు నిండింది. భాగ్యమక్క, నొమూసా ఆఖరు వరసలో కూర్చున్నారు. నేను వాళ్ళ వెనక టీ బల్ల దగ్గర నించున్నాను. నెవిల్ దర్జాగా లేచి, తన పనికి నమూనా అంటూ ప్రొజెక్టర్ మీద ఒక రికార్డు పెట్టాడు. భూమి క్లెయిము ఫారం ఉన్న పేజీ అది. గోడ మీద అంత పెద్ద అక్షరాల్లో ఆఖరు లైను కనిపించింది. చూసిన తేదీ: 14 జూలై 1998.

ఆ రోజు నాకు గుర్తుంది. స్నిగ్ధకి నూట రెండు జ్వరం. ఒక్కపూట ఉండమంటే, "నాకు పరీక్ష పేపర్లున్నాయి, నువ్వే సెలవు పెట్టు. అసలు తల్లివేనా?" అన్నాడు జనార్దన్. సెలవు పెట్టేదాన్నే. కానీ ఆ ఫారం పేజీ చిరునామా ముందురోజే చచ్చిపోయింది. కేటో మేనర్‌లో ఇల్లు పోగొట్టుకుని ఫీనిక్స్‌కి తోలబడ్డ కుటుంబాల్లో భాగ్యమక్కది కూడా ఒకటి. క్లెయిములకి డిసెంబరు ఆఖరు గడువు. పొద్దున్నే ఎనిమిది మంది ఇరుగుపొరుగుని వెంటబెట్టుకుని ఆమె కౌంటర్ దగ్గర కూర్చుంది. పాపని పక్కింటి ప్రెగ్గీ ఆంటీకి అప్పగించి, టాక్సీలో ఏడుస్తూ వెళ్ళాను. రెండు గంటలు వెతికి కొత్త చిరునామా పట్టుకున్నాను. రికార్డు దిద్ది, తేదీ వేసి, ఫారం ఫ్యాక్స్ చేసి, పదకొండింటికి ఇంటికి పరిగెత్తాను. గోడ మీదున్నది నా పాప జ్వరం, నా ఏడుపు, నా రెండు గంటలు. దాని పక్కన నెవిల్ మూడక్షరాలు.

కెటిల్ బల్ల మీద పెట్టేశాను.

"నెవిల్, జూలై పద్నాలుగున మీరెక్కడున్నారు?" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. అందరూ వెనక్కి తిరిగారు.

"అదేం ప్రశ్న? ఎవరికి గుర్తుంటుంది?" అని నవ్వాడు.

"ఆ పేజీ మీరు ఆ రోజు చూశారని రికార్డు చెబుతోంది."

"అయితే చూసే ఉంటాను."

ఇంతలో భాగ్యమక్క లేచింది. "హాయిబో! జూలై మొత్తం నువ్వు మార్గేట్ బీచ్‌లో లేవా? లైబ్రరీలన్నింటికీ పోస్ట్‌కార్డ్ పంపినావు గదా! మా స్టాఫ్ రూమ్‌లో ఇంకా అతికించి ఉంది, పోయి చూస్కో." హాలంతా గొల్లుమంది. నొమూసా అయితే ముందు కుర్చీ మీద చెయ్యి వేసి కొడుతూ నవ్వింది.

మ్యూరియెల్ నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని గోడ దగ్గరికి నడిచి, ఆ లైను మీద వేలు పెట్టింది. "చూడని పేజీకి తేదీ వెయ్యడం అబద్ధపు సాక్ష్యం. ఈ పేజీని చూసిందెవరు?"

"నేను చూశాను" అన్నాను. "ఇదే కాదు, వెయ్యిన్నూట ఇరవై ఆరూ నేనే చూశాను. ఏది చూడాలో భాగ్యం చెప్పింది. ఏ మాటతో వెతుకుతారో నొమూసా చెప్పింది. మాకు గుర్తులు లేవు."

"చేయించింది నేనే కదా" అన్నాడు నెవిల్.

"చేయించినవాళ్ళ పేరు రాసే గడి ఈ రికార్డులో లేదు, నెవిల్" అంది మ్యూరియెల్.

తర్వాత నన్ను కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. కమిటీలో ఒకావిడ, తల్లి పోయిన పిల్లల్ని పెంచుతున్న అమ్మమ్మకి ఏం దొరుకుతుందో వెతికి చూపమంది. నొమూసా వచ్చి జూలూ మాట టైపు చేసింది. అర నిమిషంలో రికార్డు, దాన్నుంచి గ్రాంటు ఫారం తెర మీదికొచ్చాయి. తీసెయ్యాలన్న జూలూ మాటే అది. చప్పట్లు ఆగలేదు.

మధ్యాహ్నానికి తీర్మానమైంది. పని చేసే ప్రతివాళ్ళకీ సొంత గుర్తు ఉంటుంది. వెయ్యిన్నూట ఇరవై ఆరు రికార్డుల మీదా పేర్లు దిద్దాలి. జూలూ మాటలు ఉంటాయి. శాశ్వత ఉద్యోగానికి బహిరంగ ప్రకటన ఇస్తారు. అంతదాకా ఒక ఏడాదిపాటు ఉమ్మడి వెబ్ కేటలాగు బాధ్యత సుభాషిణిది, అంటే నాది. కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఎవరూ నా బదులు పెట్టలేదు. మ్యూరియెల్ నాకు ఎస్ బి ఎన్ అని గుర్తు ఇచ్చింది. టీ మాత్రం ఆ రోజు నెవిల్ తనే పోసుకున్నాడు.

"ఇంటికి పోయి ఏం చెప్తావు పాపా?" అంది భాగ్యమక్క టాక్సీల దగ్గర.

"ఏమీ చెప్పను, రాస్తాను" అన్నాను.

వంటింట్లో ఫ్రిజ్ పక్కన గ్రే స్ట్రీట్ బట్టల కొట్టువాళ్ళిచ్చిన కేలండర్ ఉంది. గళ్ళు పెద్దవి. తొమ్మిదో తారీకు గడిలో చిన్న అక్షరాలతో రాశాను. డబ్బాలు, ఎస్ బి ఎన్. పాప జడ, ఎస్ బి ఎన్. గిన్నెలు, ఎస్ బి ఎన్. నీలం చొక్కా ఇస్త్రీ, ఎస్ బి ఎన్. గడి చాలక పక్క ఖాళీలోకి పోయింది.

జనార్దన్ వచ్చి చూశాడు. "ఏంటిది? టీ ఇచ్చొచ్చి ఈ పిచ్చేంటి?"

"టీ ఇవ్వలేదు. ఉద్యోగం మానను. ఇంకో ఏడాదికి సంతకం పెట్టి వచ్చాను."

"నాతో ఒక్క మాటైనా అనకుండానా?"

"మీరు అత్తయ్యకి చెప్పినప్పుడు నాతో అన్నారా?" అన్నాను. అతను కేలండర్ వైపు చూసి, "మరి నా పేరేదీ?" అన్నాడు.

"ఏం చేశారో చెప్పండి, రాస్తాను."

ఆ గడిలో తనదేమైనా దొరుకుతుందేమోనని కేలండర్ మీదికి వంగాడు.

అప్పుడు మా అత్తయ్య తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ కేలండర్ దగ్గరికొచ్చారు. రెండు నెలల్లో ఆవిడ ఊరికే కూర్చుని ఉండగా నేను చూడలేదు. ప్రతి లైనూ కూడబలుక్కుని చదివారు. ఇక తిట్లకి సిద్ధమయ్యాను.

"పప్పు నేను వండాను. పొద్దున పిండి నేను రుబ్బాను. అది ఎక్కడ రాశావే?" అన్నారు.

"రాయలేదు అత్తయ్యా. మీరే రాయండి" అని పెన్ను ఇచ్చాను.

"యాభై ఏళ్ళైంది రుబ్బబట్టి. ఒక్కరోజు ఎవరూ రాయలేదు" అని గొణిగి, గోడకి చెయ్యి ఆనించి, వంకర అక్షరాలతో 'కమల' అని రాశారు. వెనక్కి జరిగి ఒకసారి చూసుకున్నారు. మళ్ళీ ముందుకి వంగి, దాని కింద తేదీ కూడా వేశారు.

మర్నాడు వేసుకోవాల్సిన తెల్ల చొక్కా ఇస్త్రీ బల్ల మీద ముడతలతో పడి ఉంది. జనార్దన్ నా వైపు, వాళ్ళమ్మ వైపు చూశాడు. మేమిద్దరం కదల్లేదు. పదో తారీకు గడి ఖాళీగా ఉంది, పెన్ను అతనికి అందేంత దగ్గర్లోనే ఉంది.