ఆల్చిప్ప కోసిందని చెప్పాం

మా చేపల ఫ్యాక్టరీ గేటు దగ్గర ఒక బోర్డుంది. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో రోజూ పొద్దున్నే దాని మీద మారుస్తారు. రెండు వందలకి చేరితే షిఫ్టు మొత్తానికీ గొర్రెపిల్లల్ని నిప్పుల మీద కాల్చి విందు పెడతారు. ఈలోగా ఎవరికి దెబ్బ తగిలినా అంకె సున్నాకి వస్తుంది, విందు పోతుంది. ఇది కనిపెట్టినవాడెవడో మహా ముదురు. మేనేజరు నోరెత్తనక్కర్లేదు, మా నోళ్లు మేమే నొక్కుకుంటాం.

నూట తొంభై ఒకటో రోజున నోల్ఫా కత్తి జారింది. నోల్ఫా నా పక్కనే నిలబడి సాల్మన్ చేపలు చీలుస్తుంది, మా చిన్నదానికి బాప్తిస్మమప్పుడు జ్ఞానమాతగా నిలబడింది, ఆ వరసనే నన్ను వదినా అంటుంది. కత్తి గ్లవ్‌ని చీల్చుకుని ఎడమ బొటనవేలి మొదట్లో దిగింది. ఆ షిఫ్టుకి భద్రతా కమిటీ సభ్యురాలిని నేనే. పనివాళ్లే ఓట్లేసి ఎన్నుకున్నారు. దెబ్బ తగిలితే కాగితం రాయాల్సింది నేను.

కాగితం తీయబోతుంటే సూపర్‌వైజర్ ఒలెగారియో అడ్డొచ్చాడు.

"ఏంటమ్మా ఎర్సిరా, ఇంత గీతకి ఊరంతా చాటింపా? తొమ్మిది రోజులు ఆగలేవా?"

"గొర్రె బతికిపోయిందిరోయ్!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు.

నోల్ఫా నా చెయ్యి పట్టుకుంది. "వదినా, నీకు దణ్ణం పెడతా, రాయకు. నావల్లే విందు పోయిందని ఏడాదంతా దెప్పుతారు. వీళ్లతో నేను వేగలేను."

"నీ వేలి కన్నా వీళ్ల తిండి ఎక్కువటే?"

"నాలుగు కుట్లేస్తే అదే పోతుందిలే."

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా రాయలేదు. ఊళ్లోని ఆరోగ్య కేంద్రానికి నేనే తీసుకెళ్లాను. ఎలా తగిలిందని నర్సు అడిగితే నోల్ఫా నీళ్లు నమిలింది. "ఇంట్లో ఆల్చిప్పలు తెరుస్తుంటే కత్తి జారింది" అని నేనే అన్నాను. సముద్రం ఒడ్డునున్న మా కల్బూకో ఊళ్లో ఆల్చిప్పలు తెరవని ఇల్లు లేదు, వేలు కోసుకోని ఆడది లేదు. నర్సు రెండో ప్రశ్న వెయ్యలేదు.

విందు జరిగింది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరం తిన్నాం. నేనూ తిన్నాను. రుచిగానే ఉంది, చెప్పడానికి సిగ్గేస్తోంది. అందరూ రెండు చేతులా మాంసం పీక్కు తింటుంటే నోల్ఫా ఒంటి చేత్తో తింటోంది. బొటనవేలు వంచవే అన్నాను. వంగలేదు.

"తిమ్మిరి" అంది.

ఇంకో వారం గడిచినా ఆ తిమ్మిరి పోలేదు. ఇక దాని మాట వినకుండా దగ్గర్లోని పట్నం పుయెర్తో మోంత్‌లో ఉన్న బీమా ఆసుపత్రికి లాక్కెళ్లాను. పనిలో దెబ్బ తగిలినవాళ్లకి అక్కడ వెంటనే వైద్యం చేస్తారు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇంట్లో తగిలిందని ఉందండీ. మేం చూడం. మామూలు ఆసుపత్రిలో పేరు రాయించుకోండి. ఆపరేషన్‌కి ఏడాది పట్టొచ్చు."

"అది అబద్ధం."

"ఎవరు చెప్పారా అబద్ధం?"

నోల్ఫా నోరు తెరవబోయింది. "నేను" అన్నాను. "కమిటీ సభ్యురాలిని. నా కళ్లముందే, ఫ్యాక్టరీలోనే తెగింది. రాసుకోండి, సంతకం పెడతాను."

"ఇది మీ ఫ్యాక్టరీకి వెళ్తుంది. మీ పదవి ఊడుతుంది."

"ఊడనీ."

డాక్టరు వేలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. వంచే నరం తెగిపోయి కొసలు లోపలికి ముడుచుకుపోయాయట. "ఆ రోజే వచ్చుంటే కుట్టేసేవాణ్ణి. ఇప్పుడు ఆపరేషన్ చేసినా సగం వంగుతుందేమో. చేపని పట్టుకుని కోసే పని మాత్రం ఇక కుదరదమ్మా."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం. నోల్ఫాకి చేతనైన పని అదొక్కటే. పదహారేళ్లుగా అదే చేస్తోంది. అయినా నోల్ఫాయే నా భుజం తట్టింది.

"నువ్వేం చేస్తావు వదినా. నేనే కదా వద్దన్నది."

"నువ్వు వద్దంటే ఊరుకోవడానికేనా నన్ను ఎన్నుకున్నది?" రోడ్డు మీదే అరిచాను. "తిట్టవే నన్ను! ఒక్క మాట తిట్టు!"

జనం తిరిగి చూశారు. నోల్ఫా ఆ ఎడమ చేతిని గబుక్కున కోటు జేబులో దాచుకుంది.

"అరవకు వదినా" అంది. "అందరూ చూస్తున్నారు."