దయ్యానికి ముక్కుపుడక

ఆ వారమంతా చైత్ర ఆఫీసు నుంచి రాగానే గదిలోకి పోయి తలుపు మూసుకుంటోంది. బళేపేట ఇంట్లో కోడలు అడుగుపెట్టి ఏడాదైంది. ఇలా ఎన్నడూ లేదు. "లోపల ఏం చేస్తాండావు?" అని అత్తగారు భాగీరథమ్మ అడిగితే, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, రంగంటిన చేతులు వెనక్కి దాచుకుని "ఏం లేదత్తా" అంది.

"మంచి పనైతే తలుపెందుకు?" అని పక్కింటి సరోజమ్మ ఒక పుల్ల వేసి పోయింది. భాగీరథమ్మ కొడుకు సుధీరేమో ఆదివారాలు కొత్త ఫ్లాట్లు చూసొస్తున్నాడు. అక్కడ తనకు చోటుందో లేదో వాడు చెప్పలేదు, ఆవిడ అడగలేదు. ఆ భయం ఆవిడను లోలోపల తినేస్తోంది.

శనివారం చైత్ర స్నానానికి వెళ్ళగానే ఆవిడ గదిలోకి దూరింది. బల్లమీద పెళ్ళిపత్రికల అంగట్లో అమ్మే మందపాటి నల్ల అట్టలు, స్టాంప్ ప్యాడు, బ్లేడుతో చెక్కిన ఎరేజర్లు. ఒకటి గబ్బిలం అచ్చు, ఒకటి పుర్రె. మడిచిన అట్టమీద ఒక తలుపు, తలుపు బయట తెల్లచీర కట్టిన దయ్యం. దానికి నెత్తిన చిన్న ముడి, రెండు వైపులా ముక్కుపుడకలు. అద్దంలో చూసుకున్నట్టే ఉంది. తలుపు మీద కన్నడంలో 'నాళె బా'.

రేపు రా అని అర్థం. ఒకప్పుడు ఊళ్ళో దయ్యం తిరుగుతోందని పుకారు లేస్తే జనం తలుపులమీద సుద్దతో రాసిన మాట. ఆ దయ్యం అయినవాళ్ళలాగే వచ్చి పిలుస్తుందట, తలుపు తీస్తే అంతేనట. రాసింది చదివితే రేపు వద్దామని పోతుందట. ఈ కథ చైత్రకు చెప్పింది భాగీరథమ్మే. ఇప్పుడది తన మెడకే చుట్టుకుంది. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది.

చైత్ర తల తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఈ దయ్యం నేనేనా?"

"ఆఫీసులో హాలోవీన్ అని దయ్యాల పండగ చేస్తారత్తా. కార్డు చేసి ఎవరు బాగా నవ్విస్తే వాళ్ళకు బహుమానం. మీరు చూస్తే బాధపడతారనే తలుపేసుకుంటి."

"నన్ను చూపించి నవ్విస్తావా? రేపు రమ్మని బయట నిలబెడతావా? కొత్త ఇంటి తలుపు మీద కూడా ఇదే రాస్తారేమో."

చైత్ర వచ్చి పక్కన నిలబడింది.

"అయినవాళ్ళ మాదిరి వస్తేనే కదత్తా, ఆ దయ్యానికి మనం మోసపోయేది? మా అమ్మ నా చిన్నప్పుడే పోయె. ఎవరు పిలిస్తే నేను వెనకాముందు చూడకుండా తలుపు తీస్తానా అని ఆలోచన చేసినా. మీరే కనిపిస్తిరి."

భాగీరథమ్మ కార్డు అటూ ఇటూ తిప్పింది. కానీ ఒక్క మాటకే కరిగిపోతే అత్తగారెట్లా అవుతుంది?

"నా ముక్కు ఇంత లావుండాదా?"

"చెక్కేటప్పుడు బ్లేడు జారిందత్తా."

"జారిందో, నువ్వే జార్చినావో," అంటూ ఆవిడ కిటికీ వైపు, వెలుతురులోకి ముఖం తిప్పింది. "సరిగ్గా చూసి ఇంకోటి చెక్కు."