కోర్డోబా పంచనామా

నీళ్ల చక్రం చప్పుడుకు నిద్ర పడతలేదని వెనుకటి రాణి ఒకామె దాన్ని పీకేయించిందట, సముద్రాల అవతలి కోర్డోబా ఊర్ల నది ఒడ్డున, ఆ తల్లిని ఒక్క దినం మా సిరిసిల్లకు తెచ్చి పక్కింటి కనకయ్య మామ బట్ట నేసే సాంచాల నడుమ పండుకోబెట్టాలె, ఎన్ని పీకేయిస్తదో చూస్తం, అనుకొని నవ్వొచ్చింది, నవ్వే గడియ కాదు, ఆ సంగతి రాసుకున్న నా నోటుబుక్కు ఎస్సై చేతుల ఉన్నది, పొద్దుగాల గల్లీ గోడ మీద ఎర్ర పోస్టరు కనవడ్డదని ఇల్లిల్లు సోదా చేస్తున్నరు, కానిస్టేబులు బియ్యం డబ్బాల మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవులాడిండు, తుపాకి దొరకలే, డబ్బా వెనుకకెల్లి ఇది దొరికింది, ఎస్సై పైకే సదువుతున్నడు, నదికి ఇవతల కోట, అవతల కాపలా బురుజు, నడుమ పదహారు కమాన్ల వంతెన, పొద్దుగాల పోతే జనం తక్కువ, బురుజు ఎక్కితే ఊరంత కనవడ్తది, సదివి తలెత్తి, ఏ నది ఇది, మానేరా అన్నడు, పక్క పేజీల నేను గీసిన పటం, మసీదు కాడికెల్లి యూదుల వాడకు, వాడకెల్లి పూలకుండీల సందుకు, చూడవోయినోళ్లు తొవ్వ తప్పొద్దని పెట్టిన బాణాలు, ఆయనకు అవి దళం తొవ్వలయినయి, ఎవరు రాసిండ్రు ఇది అన్నడు, అప్పుడు మా ఆయన, జూనియర్ కాలేజీల చరిత్ర చెప్పే ఎల్లేశం సారు, ఊపిరి గూడ తీసుకోకుంట, నాది కాదు సార్, మా ఆమెది, నాకేం తెల్వదు అన్నడు.

నాకేం తెల్వదు, ఎంత సక్కటి మాట, ఐదేండ్ల సంది ఈ నోటికెల్లి వినాలనుకున్న మాట, ఇయ్యాల పోలీసోళ్లు వస్తే గానీ రాలే, వారపత్రికల చూడదగిన నగరాలు అని వ్యాసం పడుతది, కింద ఎల్లేశం, ఎం.ఏ. అని ఉంటది, రాసేది నేను, జగిత్యాల డిగ్రీ కాలేజీల చరిత్రల ఫస్టు వచ్చిన నేను, నా పేరు పెడుదామంటే, ఆడోళ్ల పేరు చూస్తే ఎవలు సదువుతరు సరోజనా, నువ్వూ నేనూ ఒకటే కదా అన్నడు, ఒకటే అయితే నీదే ఎందుకు అనాల్సింది, పప్పు మాడుతున్నదని లేచిపోయిన, కోరుట్ల గ్రంథాలయంల ఆయనకు శాలువ కప్పిండ్రు, మూడో వరుసల మా అవ్వ పక్కన కూసొని చప్పట్లు నేను గూడ కొట్టిన, ఎవలో లేచి మీరు రాసిన టొలేడో నగరం మీరు పోయి చూసిండ్రా సార్ అనడిగితే గోదావరి దాటని మనిషి పోయిన అనలే, పోలే అనలే, నవ్విండు, ఇంటికొచ్చి శాలువల కలరా ఉండలు పెట్టుమన్నడు, పెట్టిన, రెండు తక్కువ పెట్టిన, పురుగులకు గూడ సన్మానం కావద్దా.

ఇప్పుడు ఆ పత్రికలున్న అద్దాల అల్మారకు వీపానిచ్చి నిలవడ్డడు, చుట్టాలొస్తే వాళ్లు అడగకముందే తెరిచే అల్మార, ఒక్క మాట చాలు, సార్, మా ఆయన సిగ్గరి, ఆయన వెనుక చూడుండ్రి, పద్నాలుగు వ్యాసాలున్నయి, అన్నిట్ల ఆయన పేరే, అంతే, జీపెక్కిస్తరు, నాలుక కొసకొచ్చింది, తియ్యగున్నది, పోయిన నెల మా గల్లీ శంకరవ్వ కొడుకును గిట్లనే అడిగెటందుకని ఎక్కడికో తీస్కపోయి పదకొండు దినాలకు దింపిపోయిండ్రు, అరికాళ్లు నేలకు ఆనుతలేవు ఆ పిలగానికి, అది ఆయనకు ఎరుకే, ఎరుకుండే నా పేరు చెప్పిండు, ఆడదాన్ని తీస్కపోరు లే అని లెక్క చేసిండో, లెక్కనే చెయ్యలేదో, నా ముఖం దిక్కు చూస్తలేడు, చూస్తే ఏమన్న కరిగేదాన్నేమో, చూడలే, సాక్ష్యానికని తోలుకొచ్చిన లసుమవ్వ కడప మీద కూలబడి, ఏందే బిడ్డా, బాంబులా అన్నది, పుస్తకమవ్వా అంటే, గింత లొల్లి పుస్తకానికానే, నేను ఉడుకుతున్న అన్నం దించకుంట వస్తిగదనే అన్నది.

నాదే సార్ అన్న, అల్మార కాడికి పోయిన, జర జరుగుండ్రి అన్న మా ఆయనతోని, జరిగిండు, పద్నాలుగు పత్రికలు తెచ్చి ఎస్సై ముందట పెట్టిన, ఇవి గూడ నేను రాసినయే, ఎస్సై తిరగేసి, గీండ్ల సారు పేరున్నది గదా అన్నడు, సాక్ష్యానికే తోలుకొచ్చిన కనకయ్య మామ మెడ సాపి చూస్తున్నడు, మా ఆయన ఇవి నావి అంటే నోటుబుక్కు గూడ ఆయనదే అయితది, ఎల్లేశం సారు పెదవులు తడుపుకొని, అవి గూడ ఆమెవే సార్, నా పేరు ఉట్టిగ పెట్టిన అన్నడు, గట్లనా ఎల్లేశం, మాకు ఎన్నడు చెప్పకపోతివి అన్నడు కనకయ్య మామ.

ఇగ నేను ఎస్సైని కోర్డోబా తిప్పిన, మసీదుల ఎర్ర తెల్ల చారల కమాన్లు, ఎనిమిది వందల మీది స్తంభాలు, మోదుగు వనంల నడిచినట్టు ఉంటదట సార్, సరిగ్గ నడుమ లేపిన చర్చి, మసీదుల చర్చా అని ఆయన కుర్చీ లాక్కొని కూసున్నడు, కానిస్టేబులు దేవులాడుడు ఆపిండు, నువ్వు పోయొచ్చినవా అమ్మా అంటే, లేదు సార్, కోరుట్ల దాటి పోలే, అన్నీ బొమ్మల పుస్తకాలల్ల చూసిన అన్న, ఎస్సై నోటుబుక్కు నా చేతికిచ్చి, ఉట్టి ఊరి ముచ్చట్లే ఇవి, ఉంచుకో అన్నడు, మా ఆయన భుజాలు కిందికి దిగినయి, రంగు తిరిగొచ్చింది, రేపటికి మళ్ల ఎం.ఏ. అయితడు, నాకు ఎరుకే.

వద్దు సార్, తీస్కపోండ్రి, పంచనామా రాసి తీస్కపోండ్రి, రేపు ఇంకో సారొచ్చి మళ్ల అడిగితే మేం యాడికి పోవాలె అన్న, ఇప్పుడెందుకే అని మా ఆయన గునిసిండు, ఎస్సై ఆయనను చూసిండు, నన్ను చూసిండు, రాయరా అన్నడు కానిస్టేబులుతోని, నాలుగు నెలలు రాసిన నోటుబుక్కు, చెయ్యి వదులుతలేదు, వదిలిన, కానిస్టేబులు పైకి సదువుకుంట రాస్తున్నడు, సరోజన స్వదస్తూరితో రాసిన కోర్డోబా నగర వర్ణన ఒకటి, అచ్చయిన వ్యాసాలు పద్నాలుగు, ఇవి తన భార్య రాసినవేనని ఇంటి యజమాని ఒప్పుకున్నడు, కనకయ్య మామ సంతకం, లసుమవ్వ ఏలిముద్ర, ఇగ మా ఆయన, పెన్ను పట్టుకొని ఎం.ఏ. రాయవోయి ఆగిండు, ఉట్టి ఎల్లేశం అని పెట్టిండు, ఆ సిరా ఆరేదాక చూసుకుంట నిలవడ్డ, జీపెక్కిస్తే ఊరంత ఆయన మీద జాలి పడేది, తిరిగొస్తే ఇంకో శాలువ కప్పేది, ఈ సంతకం మీద జాలిపడేటోడు ఈ గల్లీల ఒక్కడు లేడు.