రెండంతస్తుల రేకుల షెడ్డు

పంచాయతీ మనిషి దుర్గ ఇంటి కుళాయి పీకేశాడు. కింద బిందె సగం కూడా నిండలేదు.

"రెండిళ్లకు పన్ను బాకీ ఉండావు. కడితే మళ్లీ బిగిస్తాం," అన్నాడు కార్యదర్శి రవి కుమార్, చెప్పులకంటిన ఇసుక దులుపుకుంటూ.

"రెండో ఇల్లేంది సారూ? అది వలల పాక! తుపానుకు కూలిపోతే, పాకకు పరిహారం రాదు, ఇల్లని రాయించుకోమని నువ్వే గదా చెప్పినావు?"

"రికార్డులో ఇల్లనే ఉండాది."

పరిహారం పైసా రాలేదు. పన్ను మాత్రం వెతుక్కుంటూ వచ్చింది. థూ, ఏం మనుషులు! అనుకుంది దుర్గ. పాలెంలో అలా రాయించుకున్న నలభై ఇళ్లకూ నోటీసులొచ్చాయి. రేపు వాళ్ల కుళాయిలూ పోతాయి.

ఆ సాయంత్రం పాలెం పెద్ద పోలేరయ్య ముందు అందరూ కూడారు. డిగ్రీ చదివే ఉష పంచాయతీ గోడమీది పన్నుల జాబితాను ఫోన్లో ఫోటో తీసుకొచ్చి చదివింది. రొయ్యపిల్లల హేచరీ యజమాని పద్మనాభయ్య రెండంతస్తుల మేడ అందులో 'రేకుల షెడ్డు'. ఆయన పన్ను దుర్గ పన్నుకంటే తక్కువ!

"పెద్దోళ్లతో మనకెందుకు? కాళ్లావేళ్లా పడదాం, తగ్గిస్తారు," అన్నాడు పోలేరయ్య.

దుర్గ లేచింది. "నా మొగుడు ఎదురు మాట్లాడినాడని దురాయి కట్టుబాటు వేసి, నెల్లాళ్లు ఊరంతా మాతో మాట్లాడకుండా చేసినావే! పేదోళ్ల మీదేనా మామా నీ దురాయి? ఇప్పుడెయ్యి! ఆ మేడ పన్ను తేలిందాకా ఒక్కరూ పైసా కట్టగూడదని ఎయ్యి!"

"ఎయ్యి మామా!" ఆడవాళ్లంతా అరిచారు.

పోలేరయ్య తల దించుకున్నాడు. అలాగే దించుకుని దురాయి వేశాడు.

తెల్లారేసరికి పద్మనాభయ్య మేడ ముందు మూడు వందల మంది. టేపు లేదు. వల తాడు గోడ వెంబడి పరిచి, దుర్గ రెండు చేతులూ చాపి కొలవసాగింది. "ఒక బార! రెండు బారలు!" అని జనం గొంతు కలిపారు.

"ఛీ, చేపల కంపు! గోడ ముట్టుకోబాకండి!" మిద్దెమీంచి పద్మనాభయ్య అరిచాడు.

"రేకుల షెడ్డుకు మిద్దె యాడిది సామీ?" అంది దుర్గ. జనం పగలబడి నవ్వారు.

పోలీసులొచ్చారు. "ఎవరు కొలవమన్నది?" ఎస్సై గద్దించాడు.

"నేనే. పొడుగు పద్నాలుగు బారలు, వెడల్పు ఎనిమిది, అంతస్తులు రెండు. నామీద కేసు రాసేటప్పుడు అది గూడా రాసుకో."

ఆమెను జీపెక్కించారు. బండి కదులుతుండగా దుర్గ వెనక్కి చూసింది. ఇసుకలో పడిన తాడును పోలేరయ్య వంగి భుజానికెత్తుకున్నాడు.

"ఉషా, ఆ జాబితాలో ఇంకెన్ని షెడ్లుండాయో చదువమ్మా! ఈపొద్దే అన్నీ కొలవాల," అన్నాడు.