నాలుకల్లేని గంటలు

లొల్లి షాంపూ దగ్గర మొదలైంది.

"చామరాన్ని కుంకుడుకాయతోని కడగమన్న. గీ సీసాలున్న నురుగుతోని ఎవలు కడగమన్నరు?" అంది నాగమణమ్మ, తడి వెంట్రుకలు కోడలి ముఖం ముందు ఆడిస్తూ.

"కుంకుడు రసం అంటితే వెండి నల్లబడుతది అత్తమ్మా," అంది స్రవ్య.

"అరవై ఏండ్ల సంది నల్లబడలే. నువ్వు డిగ్రీ చదివినంక నల్లబడ్డదా?"

ఆ ఊపులో చామరం పిడి నుంచి ఊడి ఠంగుమని బండల మీద పడింది. కట్టెపిడి ఒక్కటే నాగమణమ్మ చేతిలో మిగిలింది.

లాల్‌దర్వాజా బోనాలకు ఇంక పదిహేను రోజులే ఉంది. విరిగిన చామరంతో అమ్మవారికి విసరకూడదు. నాగమణమ్మ అక్కడికక్కడే తేల్చేసింది: వెండి కరిగించి కొత్త చామరానికి పిడి చేయించాలి. "కంసాలి ఎల్లప్పకిచ్చి రాపో. నవాబు దేవిడి నుంచి మా మామ తెచ్చిన సొమ్ము. ఒక్క పిసరు పోవద్దని చెప్పు."

దాన్ని తువ్వాలులో చుడుతూ స్రవ్య మరోసారి తిప్పి చూసింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమెకు ఒక అనుమానం. చామరమంటే చుట్టూ ఒకేలా గుబురుగా ఉండాలి. ఇదేమో ముందు వైపు తెల్లని జలపాతంలా వేలాడుతుంది, వెనకంతా బోడి. పైన అర్ధచంద్రాకారపు వెండి పట్టీ, దాని మీద తామర మొగ్గలు. ముందు మూడు నల్లటి కుచ్చులు, ఒక్కో కుచ్చుకు ఒక్కో వెండి గంట. గంటల్లో నాలుకలు లేవు. ఎప్పుడో రాలిపోయాయని అత్తమ్మ చెప్పేది. మూడింటికి మూడూ రాలిపోతాయా?

ఎల్లప్ప కొట్టు రెండు సందుల అవతల. బోనాలు దగ్గర పడ్డాయి కాబట్టి అతని ముందు అమ్మవారి వెండి కళ్ళు వరసగా పరిచి ఉన్నాయి. చామరం చేతికి తీసుకుని భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. వెండి కరిగించే మూస వైపు మాత్రం చెయ్యి చాపలేదు.

"ఎవడో వెనక నుంచి మొలలు కొట్టి పిడి బిగించిండు బిడ్డా. పనొచ్చినోడు కాదు," అన్నాడు. "ఇవి గంటలు గావు, కుచ్చుల టోపీలు. నాలుకలు రాలిపోవుడేంది, ఎన్నడూ లెవ్వు."

"మరి ఇదేంది కాకా?"

"బ్యాగ్‌పైపులూదే బ్యాండోళ్ళు గిట్లాంటివి రెండు మరమ్మతుకు తెచ్చిండ్రు. అవి అచ్చుల కొట్టినవి. ఇది పాతది, చేతిపని. ఇగో చూడు." భూతద్దం ఆమెకిచ్చాడు. "తామర మొగ్గకు ముళ్ళుంటయా?"

నిజమే. మొగ్గ కింద సన్నని ముళ్ళు, ఆకుల అంచుల్లోనూ ముళ్ళు. ప్రతి గీత వెంట్రుకలా మొదలై చివరికి లావెక్కింది. ఏ రెండు ఆకులూ ఒకేలా లేవు.

"స్కాట్లాండ్ దొరలు గళ్ళబట్ట కుచ్చిళ్ళు పోసి కట్టుకుంటరు గద, మన లుంగీ లెక్క. దానికి జేబుండదు. పండుగకో, పరేడ్‌కో నడుముకు ముందట ఇది కట్టుకుంటరు. స్పోరన్ అంటరని ఆ బ్యాండోళ్ళే చెప్పిండ్రు. గుర్రం వెంట్రుకలు, పాయ పాయ సూదితోని కుట్టిండ్రు."

"దేవిడి నుంచి తెచ్చిండ్రన్నరు అత్తమ్మ."

"పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్ల కొని, ఆ పెద్దాయన దేవిడి అని చెప్పిండేమో," నవ్వాడు ఎల్లప్ప. పట్టీ మీద ఉన్న బొడిపె మీద బొటనవేలు ఆనించి నొక్కాడు. టిక్కుమంది. చామరం నోరు తెరిచింది.

లోపల నుంచి పాత చెప్పుల వాసన వచ్చింది.

"తోలా?" అంది స్రవ్య.

"జేబు మరి. తోలు గాక ఏముంటది?"

అరవై ఏళ్ళు పూజగదిలో తోలు! మడి కట్టుకోనిదే అత్తమ్మ ముట్టని వస్తువు. చెప్తే ఆమె మనసు ఎంత నొచ్చుకుంటుందో. చెప్పకపోతే ఈ ముళ్ళ పువ్వులు మూసలో ముద్దవుతాయి. లోపలి తోలు మీద సిరాతో రాసిన ఎవరిదో పేరులో మొదటి అక్షరం ఒక్కటే మిగిలింది. స్రవ్య దాని మీద వేలు ఆనించి, వెనక్కి తీసుకుంది.

"కరిగించాల్నా?" అడిగాడు ఎల్లప్ప.

"ఒక్కరోజు ఆగు కాకా," అంది స్రవ్య, దాన్ని మళ్ళీ తువ్వాలులో చుట్టుకుంటూ.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం పప్పు, పచ్చిపులుసు వడ్డించి, తనూ కంచం ముందు కూర్చున్నాక స్రవ్య చెప్పింది. ఏదీ దాచలేదు, తోలు సంగతి కూడా.

భర్త అనురాగ్‌కు పొలమారింది. "అంటే మనం అమ్మవారికి ఇన్నేండ్లు దొర జేబుతోని విసిరినమా?"

"నోర్మూస్కోని తిను," అంది నాగమణమ్మ. ఆమె చెయ్యి మాత్రం కంచంలోనే ఆగిపోయింది. పెళ్ళైన తొలి శుక్రవారం అత్తగారు ఆ పిడి పట్టించిన చెయ్యి అది. "మరి ఆ తామర మొగ్గలు?" అని అడిగింది.

"ముళ్ళ పువ్వు అత్తమ్మా. వాళ్ళ దేశానికి అది గుర్తంట."

నాగమణమ్మ పచ్చిపులుసు పోసుకుంది. కలపలేదు.

"బోనాలకు అమ్మవారి ముందట ఏం కొడ్తరు?"

"డప్పు," అన్నాడు అనురాగ్.

"డప్పు దేనితోని చేస్తరు?"

"తోలుతోని," అంది స్రవ్య.

"ఆ తల్లి తోలు చప్పుడుకే కదిలొస్తది. తోలు గాలి తగిలితే అలుగుతదా?" అన్నం కలపడం మొదలుపెట్టింది. "కరిగించేది లేదు. అమ్మవారికి కొత్త చామరం కొందాం. ఇది పూజగదిల పెట్టొద్దు, ఇల్లు దాటి పోవద్దు. ఎల్లప్పను రేపు ఇంటికే రమ్మను. మొలలు ఈడనే పీకాలె."

"ఈడనే ఎందుకమ్మా?"

"అది నోరెట్ల తెరుస్తదో నేను చూడొద్దా?"